ముందు చీకటి, తరువాతే ప్రొజెక్టర్

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ పెద్దలెవరూ అమెరికా రాలేదు కాబట్టి సరిపోయింది గానీ, వచ్చి ఉంటే "బేస్‌మెంట్ ఫినిష్ చేయించి చూడు" అని మూడోది కూడా తప్పకుండా చేర్చేవారు. మా మిషిగన్‌లో ఇల్లు కొన్న తెలుగువాడు మొదటి ఏడాది పెరట్లో డెక్ వేయిస్తాడు. రెండో ఏడాది పూజగదిలోకి ఇండియా నుంచి మందిరం తెప్పిస్తాడు. మూడో ఏడాదికి అతని చూపు బేస్‌మెంట్ మీద పడుతుంది. ఒక బాత్‌రూము, వచ్చేపోయే వాళ్ళకి ఒక పడకగది, ఒక చిన్న కౌంటరు (టీ పెట్టుకోవడానికే అనుకోండి!), మిగిలిన చోటంతా హోమ్ థియేటర్.

సరిగ్గా ఆ ఘట్టంలో నాకు ఫోన్ వస్తుంది. "గురువుగారూ, ఏ ప్రొజెక్టర్ కొనమంటారు?" అని. మన సంఘంలో ఈ విషయంలో నాకు కాస్త పేరుంది. అది తెలివితేటల వల్ల వచ్చిన పేరు కాదు, అందరికంటే ముందు చేతులు కాల్చుకోవడం వల్ల వచ్చిన పేరు. నేను మోడల్ పేరు చెప్పను. "గదికి కిటికీలున్నాయా? గోడలకి ఏ రంగు వేశారు? ఎవరెవరు కూర్చుంటారు? ఏ సినిమాలు చూస్తారు?" అని మొదలుపెడతాను. "సంబంధం చెప్పమంటే జాతకాలడుగుతారేమిటండీ" అని విసుక్కున్నారు ఒక మిత్రులు. జాతకాలు చూడకుండా చేసుకుని అనుభవించినవాణ్ణి నేను. ప్రొజెక్టర్ సంగతి చెబుతున్నాను సుమండీ, మా ఆవిడ సంగతి కాదు!

ఈ దీపావళి సంచికకి ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడగగానే ఈ విషయమే రాయాలనిపించింది. దానికో కారణముంది. దీపావళిని మనం పున్నమి నాడు చెయ్యం, అమావాస్య నాడు చేస్తాం. చీకటి లేనిదే దీపానికి విలువ లేదు. హోమ్ థియేటర్ రహస్యం కూడా అంతే. కానీ మనవాళ్ళు అందరూ దీపం ఎంత పెద్దది కొనాలా అని ఆలోచిస్తారు గానీ చీకటి సంగతి పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు.

2014లో మా బేస్‌మెంట్ పూర్తయింది. పధ్నాలుగడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు గది. మా ఆవిడ ముచ్చటపడి గోడలకి మీగడ రంగు వేయించింది, సీలింగుకి తెలుపు. నేను మోటారు కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరుని కదా, నాకు తెలియని మెషీనా అన్న ధీమాతో ప్రొజెక్టర్ కొన్నాను. కొట్లో వరసగా పెట్టిన పెట్టెల మీద అంకెలు చూసి, అన్నిటికంటే పెద్ద అంకె ఉన్నది పట్టుకొచ్చాను. 3500 ల్యూమెన్లు! ల్యూమెన్ అంటే వెలుగుకి కొలత. అది ఆఫీసు మీటింగుల్లో, దీపాలన్నీ వెలుగుతుండగా లెక్కల పట్టికలు చూపించడానికి తయారుచేసిన రకమని అప్పుడు నాకు తట్టలేదు. తెర మీద క్రికెట్ మ్యాచ్ పెడితే దేదీప్యమానంగా ఉంది. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను.

2015 వేసవిలో మా అమ్మ వచ్చింది. అప్పటికి ఆవిడకి డెబ్భై రెండేళ్ళు. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పెళ్ళికి ముందు మా అమ్మ మా మేనమామల వెంట బండి కట్టించుకుని వెళ్ళి, టూరింగ్ టాకీస్ డేరాలో నేల మీద కూర్చుని "మాయాబజార్" చూసిందట. ఆ కథ మాకు చిన్నప్పుడు కొన్ని వందలసార్లు చెప్పింది. అందుకని ఆవిడ వచ్చిన మొదటి శనివారమే నేను ఆ సినిమా డిస్కు సంపాదించి, స్నేహితుల కుటుంబాలు రెండిటిని భోజనానికి పిలిచి, అమ్మని ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చోబెట్టి సినిమా వేశాను.

పడవలో వెన్నెల పాట వచ్చింది. మార్కస్ బార్ట్లీ గారు తెలుపు నలుపుల్లో తీసిన ఆ వెన్నెల గురించి ఇన్నేళ్ళ తరువాత కూడా జనం చెప్పుకుంటూనే ఉన్నారు. మా తెర మీద మాత్రం వెన్నెలా లేదు, రాత్రీ లేదు. నల్లగా ఉండవలసిన ఆకాశం బూడిద రంగులో ఉంది. నీళ్ళ మీద మెరుపు ఆ బూడిదలో కలిసిపోయింది. పైగా తెర నిండుగా ఉంటుంది కదా అని నేను బొమ్మని పక్కలకి సాగదీశాను. ఎస్వీ రంగారావు గారు అసలే నిండైన మనిషి, ఘటోత్కచుడి వేషంలో మా గదిలో ఆయన గోడ నుంచి గోడ దాకా ఉన్నారు. నెత్తిమీద వేలాడుతున్న ప్రొజెక్టర్ ఫ్యాను హోరు సరేసరి.

అమ్మ కొంతసేపు కళ్ళు చికిలించి చూసింది. తరువాత మెల్లగా అంది: "ఒరేయ్ అబ్బాయ్, మాయాబజార్‌కి ముసురు పట్టిందేమిట్రా? ఆ పిండిమర కాసేపు ఆపమను, మాటలు వినపడ్డం లేదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆవిడ సగంలోనే "కళ్ళు లాగుతున్నాయి" అని లేచి పైకి వెళ్ళి పడుకుంది. ఆరు నెలలున్నా మళ్ళీ ఆ గదిలోకి దిగలేదు.

తప్పెక్కడ జరిగిందో అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. తీరా చూస్తే సమాధానం మా ఊరి టూరింగ్ టాకీస్‌లోనే ఉంది. ఆ డేరాలో పగలు ఆట వేసేవారు కాదు. పొద్దుగూకి, గుడ్డ సందుల్లోంచి వెలుతురు రావడం పూర్తిగా ఆగాక, మైకులో భక్తిపాట రికార్డు వేసి జనాన్ని పిలిచేవారు. ఎందుకంటే ప్రొజెక్టర్ అనేది వెలుగునే వెయ్యగలదు, నలుపుని వెయ్యలేదు. వెలుగు పడని చోటే నలుపు. తెర అసలు రంగు తెలుపు. కాబట్టి గదిలో ఏ మూల నుంచి ఏ కొంచెం వెలుతురు వచ్చి దాని మీద పడినా ఆ మేరకు నలుపు బూడిదవుతుంది. ఇది ఆ డేరా యజమానికి తెలుసు. ఇంజనీరునైన నాకు తెలియలేదు.

"మాది బేస్‌మెంటే కదండీ, కిటికీలే లేవు, ఇంక వెలుతురెక్కడిది?" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. వెలుతురు తెర నుంచే వస్తుంది. తెర మీద పడిన వెలుగు తెల్ల సీలింగుకీ, మీగడ రంగు గోడలకీ తగిలి మళ్ళీ తెర మీదికే వచ్చి పడుతుంది. బొమ్మలో ఒక పక్క చంద్రుడుంటే ఆ చంద్రుడే మీ సీలింగు మీదుగా వెళ్ళి రెండో పక్కనున్న చీకటిని చెడగొడతాడు. ఎంత పెద్ద అంకె ఉన్న ప్రొజెక్టర్ కొంటే అంతగా చెడగొడతాడు. తెల్లగోడల గదిలో అయిదువేల డాలర్ల ప్రొజెక్టర్ కంటే, నల్లబరిచిన గదిలో రెండువేల డాలర్ల ప్రొజెక్టరే సినిమా బాగా చూపిస్తుందని నా అభిప్రాయం. ఆ రంగు డబ్బాలకి అయ్యేది వందల్లోనే.

ఇక ల్యూమెన్ల లెక్క చూద్దాం. కష్టమేమీ లేదు, ఎనిమిదో తరగతి పిల్లలు చేసే లెక్కే. 110 అంగుళాల తెర అంటే మూల నుంచి మూలకి కొలత. దాని వెడల్పు 8 అడుగులు, ఎత్తు నాలుగున్నర అడుగులు, వైశాల్యం 36 చదరపు అడుగులు. ఫిల్ము రోజుల్లో సినిమా హాలు తెర మీద వెలుగుకి పెట్టుకున్న కొలమానం ప్రకారం మామూలు తెల్ల తెరకి చదరపు అడుగుకి 16 ల్యూమెన్లు చాలు. ఇప్పటి డిజిటల్ హాళ్ళ ప్రమాణం 14 మాత్రమే. 36ని 16తో గుణించండి. 576! అంటే ఆరువందల లోపు. దీపం పాతబడేకొద్దీ వెలుగు సగానికి పడిపోతుంది కాబట్టి దాన్ని రెట్టింపు చెయ్యండి. ఈనాటి హెచ్‌డీఆర్ సినిమాలు మరికాస్త వెలుగు కోరతాయి, దానికి ఇంకొంచెం కలపండి. పన్నెండు వందల నుంచి పదిహేను వందల దాకా ఉంటే చీకటి గదికి దండిగా సరిపోతుంది. నా 3500 పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అన్నమాట.

ఇక్కడో మెలిక ఉంది. పెట్టె మీది అంకెని సాధారణంగా బొమ్మ అంతా ఆకుపచ్చగా తిరిగిపోయే అతి ప్రకాశమైన పద్ధతిలో కొలుస్తారు. మనుషుల మొహాలు మనుషుల మొహాల్లా కనిపించే సినిమా పద్ధతికి మారిస్తే అందులో చాలా భాగం తగ్గిపోతుంది. కాబట్టి కొనేటప్పుడు "సినిమా మోడ్‌లో ఎంత?" అని అడగండి. అలాగే కాంట్రాస్ట్ అంకె. పది లక్షలకి ఒకటి అని రాస్తారు. అది నలుపు వచ్చినప్పుడు దీపాన్నే తగ్గించేసి కొలిచిన లెక్క. ఒకే బొమ్మలో చంద్రుడూ చీకటీ పక్కపక్కన ఉన్నప్పుడు ఆ ఉపాయం పనిచెయ్యదు. "నేటివ్ కాంట్రాస్ట్ ఎంత?" అని అడగండి. చెప్పడానికి నసిగితే మీకు జవాబు దొరికినట్టే.

గోడలకి నల్లరంగు అనగానే మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. "నల్లగోడలేమిటండీ, శుభమా అని ఇల్లు కట్టుకుని! మీ అమ్మగారితో చెబుతానుండండి" అంది మా ఆవిడ. చెప్పింది కూడా. చివరికి రాజీ కుదిరింది. సీలింగుకీ, తెర ఉన్న గోడకీ, తెర దగ్గర్లో పక్కగోడలకి అయిదారు అడుగుల మేరకీ ముదురు నీలం, మిగతా గోడలకి ముదురు మెరూన్. నలుపే అక్కర్లేదు, ముదురు రంగయితే చాలు. కానీ మెరుపు లేని రంగే కావాలి. మెరిసే పెయింటు ముదురుదైనా అద్దంలాగే వెలుగుని తిప్పికొడుతుంది. నేల మీద ముదురు రంగు కార్పెట్ వేశాం. ఒక వారాంతం పని. పాత ప్రొజెక్టర్‌తోనే బొమ్మ ఎంత మారిందో చూసి నాకు నోట మాట రాలేదు. అప్పుడు గాని, ఇక మార్చవలసింది మెషీనే అని తేలలేదు. ఏదైనా ఇదే వరసలో చెయ్యాలని నా మనవి.

మెషీన్లు ప్రధానంగా మూడు జాతులు. అద్దం ముక్కలతో బొమ్మ వేసేది డీఎల్‌పీ. మూడు గాజు పలకల గుండా వెలుగుని పంపేది ఎల్‌సీడీ. ఆ రెండు పద్ధతులనీ కలిపినట్టుండేది ఎల్‌కాస్. ఈ మూడోదాన్నే ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది. నలుపు విషయంలో ఎల్‌కాస్‌దే పై చెయ్యి, ధరలోనూ దానిదే. తక్కువ ధర డీఎల్‌పీల నేటివ్ కాంట్రాస్ట్ వెయ్యికీ రెండువేలకీ మధ్య ఉంటే, ఎల్‌కాస్‌లో అది పదివేలు దాటి పోతుంది. డీఎల్‌పీ బొమ్మ పదునుగా ఉంటుంది, మెషీన్ చిన్నది, ఆటలాడే పిల్లలకి బాగుంటుంది. అయితే చవక రకాల్లో ఒక రంగుల చక్రం గిర్రున తిరుగుతూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తరువాత ఒకటిగా వేస్తుంది. చాలామందికి అది తెలియదు. కొందరికి మాత్రం కన్ను కదిపినప్పుడల్లా హరివిల్లులా రంగులు తళుక్కుమంటాయి, తలనొప్పి వస్తుంది.

ఇది మన తెలుగు ఇళ్ళలో ఎక్కువ బాధ పెట్టే సంగతి. ఎందుకంటే మన పిల్లల కోసం మనం ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఎప్పుడూ పెట్టే ఉంచుతాం. ఆ హరివిల్లు అన్నిటికంటే బాగా కనిపించేది నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాల దగ్గరే! మా అమ్మాయికి అది కనిపిస్తుంది, నాకు కనిపించదు. రెండేళ్ళ పాటు అది "నాన్నా, తలనొప్పి" అంటే, సినిమా చూడ్డం ఇష్టంలేక వంకలు చెబుతోందనుకున్నాను. అందుచేత ప్రొజెక్టర్ కొనే ముందు ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళి, సబ్‌టైటిల్స్ పెట్టించి పదిహేను నిమిషాలు చూపించండి. మగవాళ్ళం ఒక్కళ్ళమే వెళ్ళి కొనుక్కొచ్చే వస్తువు కాదిది.

తెర ఆకారం గురించి కూడా ఒక మాట. ఈ మధ్య చాలామంది వెడల్పాటి స్కోప్ తెర పెట్టించుకుంటున్నారు. తెలుగులో సినిమాస్కోప్ "అల్లూరి సీతారామరాజు"తో 1974లో వచ్చింది. ఈనాటి పెద్ద సినిమాలు దాదాపు అన్నీ ఆ కొలతలోనే వస్తున్నాయి కాబట్టి ఆ తెర బాగుంటుందనే అనుకోండి. కానీ 1950ల, 60ల నాటి సినిమాలు ఇంచుమించు చదరంగా ఉంటాయి. మీ గోడకి 8 అడుగుల వెడల్పు తెరే పడుతుందనుకోండి. స్కోప్ తెర ఎత్తు 40 అంగుళాలే. అందులో "మాయాబజార్" వేస్తే 55 అంగుళాల వెడల్పు బొమ్మ మిగులుతుంది, అంటే 68 అంగుళాల టీవీ అంత. అదే మామూలు 16:9 తెర మీద ఆ బొమ్మ 74 అంగుళాల వెడల్పు, 54 అంగుళాల ఎత్తు వస్తుంది. కొత్త సినిమా వేసినప్పుడు మాత్రం కింద, పైన నల్లపట్టీలు ఉంటాయి. వాటిని చూసి విసుక్కోకండి. చాలా సినిమాల సబ్‌టైటిల్స్ ఆ కింది పట్టీలోకే వస్తాయి, స్కోప్ తెర అయితే అవి తెర బయట గోడ మీద పడతాయి. అమ్మమ్మ సినిమా, మనవడి సబ్‌టైటిల్స్ రెండూ కావాలంటే 16:9 తెరే మన ఇళ్ళకి తగినది. పాత సినిమాని పక్కలకి సాగదీసే పాపం మాత్రం చెయ్యకండి. నేను చేసి చూశాను.

మిగిలిన జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. ఎనిమిదడుగుల వెడల్పు తెరకి కుర్చీలు పదకొండు నుంచి పదిహేను అడుగుల దూరంలో ఉంటే కళ్ళకి సుఖం. ప్రొజెక్టర్ ఎంత దూరంలో పెట్టాలో దాని త్రో నిష్పత్తి చెబుతుంది. 1.4 అంటే తెర వెడల్పుకి 1.4 రెట్లు, మన తెరకి పదకొండడుగులకి కాస్త ఎక్కువ. సీలింగులో కరెంటు పాయింటు పెట్టించక ముందే ఈ లెక్క చేసుకోవాలి. నేను పాయింటు పెట్టించాక మెషీన్ కొన్నాను, సీలింగు రెండుసార్లు కోయించాను. బొమ్మని పైకీ కిందికీ జరపడానికి లెన్స్ షిఫ్ట్ ఉన్నది తీసుకోండి. అది లెన్సుని జరుపుతుంది, బొమ్మ చెడదు. కీస్టోన్ అనేది బొమ్మనే నొక్కి సరిచేస్తుంది, పదును పోతుంది. ఫ్యాను చప్పుడు ఎన్ని డెసిబెల్సో చూడండి. వీలుంటే మెషీన్‌ని కుర్చీల వెనక్కి పెట్టించండి. మన పెద్దవాళ్ళకి వినపడేది మాటలే, వాటి మీద పిండిమర వెయ్యకూడదు.

బల్బా, లేజరా అని అడుగుతారు. బల్బు మూడు నుంచి అయిదు వేల గంటలు వస్తుంది, లేజర్‌కి ఇరవై వేల గంటలని చెబుతారు. వారానికి రెండు సినిమాలు చూసే ఇంటికి ఏడాదికి మూడువందల గంటల పైచిలుకు. బల్బే పదేళ్ళు వస్తుందన్నమాట. రోజూ నాలుగు గంటలు టీవీలాగా వాడుకునేవాళ్ళకి రెండు మూడేళ్ళలో అయిపోతుంది, వాళ్ళకి లేజరే నయం. కొత్తగా వచ్చే మోడళ్ళలో లేజర్‌వే ఎక్కువయ్యాయి కాబట్టి, వాడిన బల్బు మెషీన్ కొనేవారు దానికి అసలు బల్బు ఇంకా దొరుకుతోందో లేదో ముందు కనుక్కోండి. నేను 2018లో కొన్నది వాడిన ఎల్‌కాస్ మెషీనే. ఇప్పటికీ అదే నడుస్తోంది. ఫోర్‌కే గురించి తలలు బద్దలు కొట్టుకోనక్కర్లేదు. పన్నెండడుగుల దూరంలో కూర్చుని చూసే కంటికి అసలు ఫోర్‌కేకీ, చుక్కలని జరిపి చూపించే ఫోర్‌కేకీ పెద్ద తేడా తెలియదు. నలుపులో తేడా మాత్రం గదిలో అడుగుపెట్టగానే తెలుస్తుంది.

ఇక నా మాటని ఒప్పుకోని వాళ్ళ వాదన. "ఇప్పుడు 98 అంగుళాల టీవీలు కూడా దిగివచ్చాయి కదా, ఈ గోలంతా ఎందుకు?" అంటారు. నిజమే. ఫ్యామిలీ రూములో, కిటికీల వెలుతురులో, వంట చేసుకుంటూ చూసేవాళ్ళు టీవీయే కొనుక్కోవాలి. అక్కడ ప్రొజెక్టర్ పెట్టడం డబ్బు దండగ. "పిల్లలు ఫోన్లలో చూసుకుంటారు, ఆ గదిలో కూర్చునేదెవరు?" అన్నది రెండో వాదన. ఇదీ నిజమే, దీనికి ఏ మెషీనూ మందు కాదు. వేలకి వేలు పోసి కట్టిన థియేటర్లు మన ఇళ్ళలో ఎన్ని బూజుపట్టి ఉన్నాయో మనకి తెలుసు. గృహప్రవేశం నాడు అందరికీ చూపిస్తాం, ఆ తరువాత సూట్‌కేసులు పెట్టుకుంటాం. అందుకే నేను "ఎవరు కూర్చుంటారు?" అని మొదట అడిగేది. దానికి జవాబు లేకపోతే ఆ గదికి ప్రొజెక్టర్ అక్కర్లేదు.

నా గదికి జవాబు ఉండేది, నేను చూసుకోలేదు. 2018లో కొత్త మెషీన్ పెట్టాక అమ్మకి ఫోన్‌లో చెప్పాను. "ముసురు వదిలిందా?" అని అడిగింది. వదిలిందన్నాను. "అయితే వచ్చినప్పుడు చూస్తాలే" అంది. 2020 వేసవికి టిక్కెట్టు కొన్నాం. ఆ ఏడాది రాకపోకలు ఎలా ఆగిపోయాయో మీ అందరికీ తెలుసు. 2021లో అమ్మ పోయింది. ఆ వెన్నెల ఆవిడకి చూపించలేకపోయాను. అంకె పెద్దదని కొన్న ఒక మెషీన్ వల్ల, మీగడ రంగు గోడల వల్ల, దాన్ని సరిచేసుకోవడానికి నేను చేసిన జాప్యం వల్ల. ఇది పెద్ద విషాదమని చెప్పను. కానీ ఆ గదిలో దీపం ఆర్పినప్పుడల్లా గుర్తొస్తుంది.

2022 వేసవిలో మా వీధి చివర ఉండే కుర్రాడి తల్లిదండ్రులు గుంటూరు నుంచి వచ్చారు. పగలంతా ఇంట్లో ఇద్దరే. కారు నడపలేరు, నడిచి వెళ్ళడానికి కొట్లూ ఉండవు. ఆయన ఒక గదిలో వార్తలు, ఆవిడ ఇంకో గదిలో సీరియల్. ఒక శనివారం వాళ్ళనీ, మరి ముగ్గురు పెద్దవాళ్ళనీ పిలిచి "మాయాబజార్" వేశాను. పడవ పాట రాగానే ఆవిడ గొంతు కలిపింది. ఆయన పక్కకి తిరిగి భార్య వైపు చూశారు. వాళ్ళ ఎనిమిదేళ్ళ మనవడు సబ్‌టైటిల్స్ చదువుకుంటూ ఘటోత్కచుడి భోజనం దగ్గర కుర్చీలోంచి కింద పడేంత నవ్వాడు. సినిమా అయ్యాక "మళ్ళీ శనివారం ఏమిటండీ?" అని పెద్దాయన అడిగారు. ఆ రోజు నుంచి నెలకో శనివారం ఇది నడుస్తోంది.

అందుచేత నేను మన సంఘం కుటుంబాలకి చేసే మనవి ఇది. మనలో కనీసం కొందరి ఇళ్ళలో థియేటర్ గదులున్నాయి. ఏటా వేసవికి ఎందరో అమ్మానాన్నలు వచ్చి నాలుగు గోడల మధ్య రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. నెలకి ఒక్క శనివారం మీ గది తలుపు తియ్యండి. బేస్‌మెంట్ మెట్లకి రెండు పక్కలా చేతిపట్టు, ఒక చిన్న దీపం పెట్టించండి. వెనక వరస కోసం కట్టే ఎత్తు అరుగు చీకట్లో పెద్దవాళ్ళకి ప్రమాదం, వాళ్ళని ముందు వరసలోనే కూర్చోబెట్టండి. లోతుగా కూరుకుపోయే సోఫాలకి బదులు చేతులున్న గట్టి కుర్చీలు రెండయినా ఉంచండి. సినిమాకి మంచి కాపీ సంపాదించండి, బావిలో లేని నీళ్ళు బొక్కెనలోకి రావు. ఇంటికొచ్చిన స్నేహితులకి చూపించడం వేరు, టిక్కెట్టు పెట్టి ఊరందరికీ వెయ్యడం వేరు. రెండోదానికి హక్కుదార్ల అనుమతి కావాలి, ఆ జోలికి పోకండి. మధ్యలో ఇంటర్వెల్ మాత్రం తప్పకుండా ఇవ్వండి. మిరపకాయ బజ్జీలుంటే మరీ మంచిది.

కొత్తగా గది కట్టించుకునేవారు నాకు ఫోన్ చెయ్యడం మానక్కర్లేదు. కానీ అంతకుముందు ఒక పని చెయ్యండి. రాత్రి పూట ఆ గదిలో దీపాలన్నీ ఆర్పి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఎక్కడెక్కడ వెలుతురు కనిపిస్తోందో చూసుకోండి. ఆ పక్క కుర్చీలో ఎవరుంటే బాగుండునో ఆలోచించుకోండి. వాళ్ళు ఇంకా రాగలిగినవాళ్ళయితే, ప్రొజెక్టర్ కంటే ముందు వాళ్ళకి టిక్కెట్టు కొనండి.

మీ కుటుంబాలన్నిటికీ దీపావళి శుభాకాంక్షలు. వచ్చే నెల శనివారం ఆట మా ఇంట్లోనే. చీకటి పడ్డాక రండి!